గోడలు తట్టే మనిషి

పన్నెండుకి పది నిమిషాలు. ఒంటిగంట వరకే ఈ రేటు సార్ అని సేల్స్ అమ్మాయి భానుశ్రీ మూడోసారి చెప్పి వెళ్ళింది. నన్ను కూర్చోబెట్టిన సోఫా ఎంత మెత్తగా ఉందంటే అందులోంచి లేవాలంటే పక్కవాడు చెయ్యి అందించాలి, అది కూడా ఎవడో ఆలోచించే పెట్టి ఉంటాడు, లేవలేనివాడు కొనక చస్తాడా అని. ఎదురుగా గాజు బల్ల మీద బుకింగ్ ఫారం. గగనధార, టవర్ బి, ఫ్లాట్ 1904. నా పేరు ఆదర్శ్, నాన్న పేరు వెంకటరామయ్య, భార్య పేరు సంయుక్త, అన్నీ వాళ్ళే నింపారు, ఎక్కడైనా అచ్చుతప్పు దొరుకుతుందేమోనని రెండుసార్లు వెతికాను, దొరకలేదు, కొంచెం నిరాశ కూడా కలిగింది. సంతకం ఒక్కటే లేదు. ఫారం పక్కన ఇనుప కడ్డీలాంటి పెన్ను. పెన్ను బరువుగా ఉంటే సంతకం పెట్టేవాడికి తానో పెద్దమనిషినన్న భ్రమ కలుగుతుందని వీళ్ళకి ఏ ట్రెయినింగులోనో చెప్పి ఉంటారు. నార్సింగిలో ఇరవై అంతస్తుల కాంక్రీటు లేచిన చోట, దాని కాళ్ళ దగ్గర ఏసీ బిగించిన ఈ అద్దాల షెడ్డుని ఎక్స్‌పీరియన్స్ సెంటర్ అంటారట. ఏమిటయ్యా ఎక్స్‌పీరియన్స్ అంటే మెషిన్ కాఫీ, వెనిలా వాసన, ఎక్కడి నుంచి వస్తోందో తెలియని వేణువు, ఇంకా ఈ సోఫా.

ఠంగ్‌మని గంట. గుళ్ళో కట్టేంత ఇత్తడి గంట, రిసెప్షన్ పక్కన వేలాడదీశారు, ఫ్లాటు బుక్ చేసినవాడి చేత కొట్టిస్తారు. వాడు కొట్టగానే హాల్లో అందరూ చప్పట్లు, గోడ మీద బోర్డులో ఒక గడికి ఎర్ర స్టిక్కరు, వాడికి ఒక తులసి కుండీ, కుండీతో ఒక ఫోటో. మా ఆఫీసులోనూ ఇదే తంతు. సాఫ్ట్‌వేర్ కస్టమర్ చేతికి వెళ్ళిన రోజు గంట కొట్టి కేకు కోస్తారు, మర్నాడు అది కుప్పకూలితే మాత్రం ఎవడూ గంట జోలికి పోడు, అప్పుడు నన్ను పిలుస్తారు. పన్నెండేళ్ళుగా హైటెక్ సిటీలో ఇంకొకళ్ళు రాసినదానిలో తప్పులు పట్టి జీతం తెచ్చుకుంటున్నాను. మంచి పేరే ఉంది. ఆదర్శ్ చూశాడంటే ఇంక చూడక్కర్లేదు అంటారు. అలా అన్నవాళ్ళందరూ ఇళ్ళు కొనేసుకున్నారు. ఇప్పుడు గంట కొట్టినవాడిని చూడు, చేతిలో తులసి కుండీ, కాళ్ళకి ఆఫీసు షూస్, మెడలో ఆదివారం పూట కూడా ఐడీ కార్డు, నవ్వుతూ ఏడుస్తున్నట్టున్నాడు. ఇంకొకడు హాలు మధ్యలో ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని తన చుట్టూ తానే తిరుగుతున్నాడు, వాడికి తూర్పు దొరికేసరికి వాడి భార్య మెట్ల మీద కూర్చుని నిద్రపోతోంది. ఇంకో మహాతల్లి నమూనా టవర్ల మీద వంగి, అంగుళం ఎత్తు ప్లాస్టిక్ మనుషుల్ని చూపించి, మన ఇంట్లో నుంచి ఈ స్విమ్మింగ్ పూల్ కనిపిస్తుందాండి అని అడుగుతోంది. కనిపిస్తుందమ్మా, పూల్‌లో వాళ్ళకి మీ వంటిల్లూ కనిపిస్తుంది. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం ఈ జాతినే చూస్తున్నాను. వీళ్ళకి ఏం చూడాలో తెలియదు. పైపుల గురించి అడగరు. లిఫ్టు ఎన్ని ఇళ్ళకి ఒకటో అడగరు. స్లాబుకీ గోడకీ మధ్య పగులు వచ్చిందేమో చూడరు. వేణువు వింటారు, గంట కొడతారు.

నాకు తెలుసు ఏం చూడాలో. నాన్న నేర్పాడు. నాన్న రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరు, ఎక్కడికి వెళ్ళినా ముందు గోడ దగ్గరికి వెళ్ళేవాడు. పెళ్ళివారింటికి వెళ్ళినా అంతే. మధ్యవేలు వంచి, కణుపుతో టక్, టక్, టక్ అని మూడుసార్లు కొట్టి, కళ్ళు మూసుకుని, చెవి ఆనించి వినేవాడు. తరువాత ఇంటివాళ్ళ వైపు తిరిగి, బోలుగా ఉందండి అనేవాడు, వాళ్ళ ముఖాలు వాడిపోయేవి, ఆయన ముఖం వెలిగేది. చిన్నప్పుడు అది చూసి గర్వంతో ఊపిరి ఆడేది కాదు నాకు. ఊళ్ళో అన్ని ఇళ్ళలోనూ ఏది ఎక్కడ బోలో మా నాన్నకి తెలుసు. ఆయన మాత్రం కట్టలేదు. ఏలూరు క్వార్టర్సులో ఉన్నంతకాలం స్థలాలు చూశాడు, ఒకటి పల్లం, ఒకటి వీధిపోటు, ఒకటి పక్కవాడి మొహం బాగోలేదు. రిటైరయ్యాక కూడా చూశాడు. అమ్మ మొదట్లో వెంట వెళ్ళేది, తరువాత వెళ్ళడం మానేసింది. చివరికి అద్దె ఇంట్లో, ఆ గోడని కూడా ఒకసారి తట్టి, పోయాడు. ఆరేళ్ళయింది. సంయుక్త కూడా ఈమధ్య రావడం మానేసింది అన్న సంగతి ఇప్పుడు ఇక్కడ ఎందుకు గుర్తురావాలి. కాఫీ చల్లారిపోయింది, పైన నురగ మాత్రం చెక్కు చెదరలేదు, అది పాలేనా అసలు.

పొద్దున సంయుక్త దోసె తిరగేస్తూ, నా వైపు చూడకుండా, కేకలు వెయ్యకుండా చెప్పింది. కేకలు వేసి ఉంటే బాగుండేది. "నీకు ఇల్లు అక్కర్లేదు ఆదర్శ్. తప్పులు పట్టుకోవడానికి ఓ చోటు కావాలి, అంతే. ఈ ఫ్లాటు కాయితాలు లాయర్ చూశాడు, బ్యాంకు వాళ్ళు చూశారు, నువ్వు ఆరుసార్లు చూశావు. సంతకం పెట్టాకే నాకు ఫోన్ చెయ్యి. ఇవాళ కూడా చేతులూపుకుంటూ వస్తే, పాపనీ అత్తయ్యనీ తీసుకుని నేను వేరే అద్దెకి పోతాను. నువ్వు ఆదివారాలు తిరుగుతూ ఉండు." అత్తయ్యనీనా అని నవ్వబోయాను. బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న మా అమ్మ పుణ్యవతి, వెనక్కి తిరగకుండా, "నేను తనతోనే వెళ్తాను నాన్నా" అంది. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారన్నమాట. దసరాకి ఎలాగూ మదీనాగూడ ఇల్లు ఖాళీ చెయ్యాలి, ఓనరు రాజరాజేశ్వరిగారి కొడుకు బెంగళూరు నుంచి వచ్చేస్తున్నాడు. ఏదో ఒక ఇంటికి వెళ్ళాలి, నేను లేకుండా వెళ్ళినా వాళ్ళకి పర్వాలేదు. నా ఇంట్లో నేనొక తప్పుల జాబితాలా తయారయ్యానని అమ్మ వీపు చూస్తే అర్థమయింది. పాప గదిలో బొమ్మలకి ఇల్లు చూపిస్తోంది. దానికి అమ్మా నాన్నా ఆట తెలియదు, సైట్ విజిట్ ఆట తెలుసు. ఇది మాస్టర్ బెడ్‌రూమ్, ఇది యుటిలిటీ, ఇక్కడ నీళ్ళు కారుతున్నాయి, పదండి వెళ్దాం, అని బొమ్మలన్నిటినీ ఎత్తి సంచిలో వేసేస్తుంది. నాలుగేళ్ళ పిల్లకి ఇంత తెలివా అని చుట్టాల ముందు చెప్పుకుని మురిసిపోయాను కూడా. సిగ్గులేనివాణ్ణి.

నల్లగండ్ల ఫ్లాటు తలుచుకోకూడదు. తలుచుకోకూడదనుకోగానే వంటింటి కిటికీ వచ్చేస్తుంది. మూడేళ్ళ క్రితం, పూర్తయిన ఇల్లు, రంగుల వాసన ఇంకా పోలేదు. సంయుక్త కిటికీ దగ్గర నిలబడి గట్టు మీద అరచెయ్యి పెట్టింది, చాలాసేపు తియ్యలేదు, అప్పటికి ఏడాది పాప దాని చంకలో ఉంది. నేను బయటికి వెళ్ళి చూసి వచ్చి, లిఫ్టు తలుపు సరిగ్గా మన గుమ్మానికి ఎదురుగా తెరుచుకుంటోంది, రోజంతా చప్పుడే, వద్దు అన్నాను. అది చెయ్యి తీసేసింది. ఇప్పుడు ఆ ఇంటి ధర వింటే నాకు తల తిరుగుతుంది, దానికి తిరగదు, అది వినదు కాబట్టి. ఆ లిఫ్టు చప్పుడుకి నిజంగా భయపడ్డానా. కాదు. ఇరవై ఏళ్ళకి సంతకం పెట్టాలంటే భయం వేసింది, రేపు ఉద్యోగం ఊడితే అని భయం, ఇంతకంటే మంచిది వచ్చే వారం కనిపిస్తే అని ఇంకా పెద్ద భయం, కొన్నాక ఎవడో వచ్చి గోడ తట్టి బోలుగా ఉందండి అంటే అని అన్నిటికంటే పెద్ద భయం. భయపడ్డానని చెప్పుకోవడానికి నామోషీ. లిఫ్టు అని చెప్పడం తేలిక.

"సార్, ఇంకోసారి మోడల్ ఫ్లాట్ చూస్తారా?" భానుశ్రీ. నవ్వు ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. చూడనిదేముంది, టేపుతో కొలిచాను ఆ మోడల్ ఫ్లాటుని. మంచం అయిదున్నర అడుగులు, దాని మీద పడుకుంటే నా పాదాలు బయట ఉంటాయి, గది పెద్దగా కనిపించడానికి మంచం చిన్నది చేయించారు. బీరువా లోతు జానెడు. గదులకి తలుపులు లేవు, తలుపులుంటే చోటు తగ్గి కనిపిస్తుందట. బల్ల మీద ఆపిల్ పళ్ళు మైనంవి, అల్మరాలో పుస్తకాలు వట్టి అట్టలు, టీవీ అట్టముక్క. ఇదంతా లెక్కలోకి రాదులే, ఇదంతా వేషం, అసలు ఫ్లాటు పందొమ్మిదో అంతస్తులో ఉంది, టోపీ పెట్టుకుని ఆరుసార్లు ఎక్కి చూశాను. అక్కడ గోడలు తట్టాను. ఒక్కటీ బోలు లేదు. మొత్తం కాంక్రీటు పోసిన గోడలు, మధ్యవేలు కణుపు వాచింది తప్ప చప్పుడు మారలేదు. అప్పుడు భానుశ్రీని అడిగాను, "ఈ గోడకి మేకు దిగుతుందా?" అని. "సుత్తితో దిగదు సార్, డ్రిల్లే పెట్టాలి" అంది. హమ్మయ్య అనుకుని ఫోన్‌లో తప్పుల జాబితాలో పదకొండోది రాసుకున్నాను, గోడకి మేకు దిగదు. ఆ ముక్క ఇంట్లో చదివితే సంయుక్త నవ్వలేదు, అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఎందుకు వెళ్ళిపోయిందో తెలుసు నాకు. తెలిసే చదివానా. మదీనాగూడ ఇంట్లో అడుగుపెట్టిన రోజే రాజరాజేశ్వరిగారు చెప్పారు, గోడలకి మేకులు కొట్టొద్దండి అని. నాన్న ఫోటో అప్పటి నుంచి ఫ్రిజ్ మీద. ఫ్రిజ్ తలుపు వేసినప్పుడల్లా ఫోటో వెల్లకిలా పడేది, అందుకని అమ్మ రెండు చేతులతో పట్టుకుని నిద్రపోతున్న పిల్లాడి గది తలుపు వేసినట్టు వేస్తుంది. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం, మేమిద్దరం ఆఫీసుల్లో ఉండగా, అమ్మ ఎక్కడి నుంచో ఒక చిన్న మేకు తెచ్చుకుని, పచ్చడి బండతో హాల్లో గోడకి కొట్టింది. నాలుగు దెబ్బలు కూడా కొట్టి ఉండదు, పై అంతస్తు నుంచి రాజరాజేశ్వరిగారు దిగి వచ్చారు. నేను అప్పుడే, తలనొప్పని త్వరగా వచ్చి గుమ్మంలో షూస్ విప్పుకుంటున్నాను. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయిన మనిషి, పచ్చడి బండ చేత్తో పట్టుకుని ఆవిడ ముందు నిలబడి, "తప్పయిపోయిందండి" అంది. నేను ఒక్క మాట అనలేదు. అద్దె ఒప్పందంలో ఉంది కదా, న్యాయం ఆవిడ వైపే కదా. ఆ రాత్రి మేకు పీకి, ఆ కన్నంలో తెల్ల టూత్‌పేస్ట్ కూరి, వేలితో నున్నగా రాసి, వెనక్కి జరిగి చూసుకుని, అస్సలు తెలియడం లేదు చూశావా అన్నాను అమ్మతో. తెలియడం లేదు నాన్నా అంది. నెల రోజులు హాల్లో పుదీనా వాసన. దాన్ని తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది, అలా వేసిన ప్రతిసారీ వచ్చే ఆదివారం ఏదో ఒక బిల్డరు మీద కక్కేస్తాను.

పన్నెండుంపావు. భానుశ్రీ ఈసారి గొంతు తగ్గించి, పక్కన కూర్చుని, "సార్, మీకు చెప్పకూడదు గానీ, ఇంకో ఫ్యామిలీ కూడా 1904 కోసమే కూర్చున్నారు. మీరు వద్దంటే వాళ్ళు వెంటనే సైన్ చేసేస్తారు" అని కళ్ళతో చూపించింది. మోడల్ ఫ్లాటు గుమ్మంలో ఒక జంట. ఆమె ఆకుపచ్చ పట్టుచీర, అతనికి కొత్త చొక్కా, మడతలు ఇంకా విప్పినట్టే లేవు. చూడగానే ఒళ్ళు మండింది. నా ఇంటి మీద కన్ను వేశారే అనిపించింది, నా ఇల్లు అనుకున్నానా, అవును, అనుకున్నాను, ఆ మాట అంత త్వరగా ఎలా వచ్చిందో. ఆమె సోఫా కవర్లు తడుముతోంది, అతను మైనం ఆపిల్ చేతిలోకి తీసుకుని పట్టుబడినట్టు మళ్ళీ పెట్టేశాడు. వీళ్ళా పందొమ్మిదో అంతస్తు కొనేది. ఆ మాట అనుకోగానే ఇంకోటి తట్టింది, ఆ ఆకుపచ్చ చీర నాకు తెలుసు. పోయిన నెల నల్లగండ్లలో ఇంకో వెంచర్ ఓపెనింగులో, ఇదే చీర, ఇదే మనిషి, అక్కడ కూడా మేం తీసుకుంటాం అని పెద్ద గొంతుతో అంటోంది. అంతకు ముందు కొల్లూరులో. కొల్లూరులో గంట కూడా కొట్టింది. రెండు ఇళ్ళు కొన్న మనిషి మూడో దాని కోసం నిలబడుతుందా. కిరాయి మనుషులు. హాలు నిండుగా కనిపించడానికి, నాలాంటివాడిని తొందరపెట్టడానికి, రోజుకింతని ఇచ్చి తెచ్చిన మనుషులు.

కోపం రావాలి కదా. రాలేదు. ఛాతీ మీద నుంచి బండ దించినట్టయింది. దొరికింది, తప్పు దొరికింది, పదకొండు తప్పులు కలిపినా తూగని తప్పు, సంయుక్త కూడా కాదనలేని తప్పు. మోసగాళ్ళ దగ్గర ఇల్లు కొనమంటావా అంటాను, ఏమంటుంది ఇంక. సాక్ష్యం ఉండాలి. ఆమెని నాలుగు మాటలు అడిగి, ఆమె తడబడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి, అది భానుశ్రీ నవ్వు ముందు పెట్టి, ఆ బరువైన పెన్ను మూత పెట్టి, దర్జాగా బయటికి నడుస్తాను. సోఫాలోంచి ఎవరి సాయమూ లేకుండా లేచాను. మూడేళ్ళలో ఇంత హుషారుగా ఏ ఇంట్లోనూ నడవలేదు. ఆమె కాఫీ మెషిన్ దగ్గర ఒక్కతే ఉంది, ఏ బొత్తాం నొక్కాలో తెలియక వేలు గాల్లో పెట్టుకుని చూస్తోంది. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఎలా మొదలుపెట్టాలి, మేడమ్, మీరు కొల్లూరులో కొన్న ఇల్లు ఏమయిందండి, అని నవ్వుతూ మొదలుపెట్టాలి. నోరు తెరిచాను.

"అన్నా, గిదేంది, ఇయాల ఒక్కనివే వచ్చినవ్? వదిన రాలే?" అంది ఆమె, ఎప్పటి నుంచో తెలిసినట్టు. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నన్ను గుర్తువట్టలేదా? పింకీని. నల్లగండ్లల సూసినం గద నిన్ను, కొల్లూరుల గూడ. మమ్మల్ని ఓంకారన్న పంపిస్తడు. నిన్ను ఏ ఏజెన్సోళ్ళు పంపిస్తరన్నా?"

నాకు అర్థం కావడానికి కాఫీ మెషిన్ ఒక కప్పు నింపినంత సేపు పట్టింది. నేను ఏమీ అనకపోయేసరికి ఆమె అది మొహమాటం అనుకుంది. "చెప్పకుంటె తియ్యిలే. గని నువ్వు మస్తు చేస్తవన్నా. మేము ఊకె అటు ఇటు తిరుగుతం, కాఫీ తాగుతం, అంతే. నువ్వు గోడ కొట్టి, కండ్లు మూస్కొని, చెవు పెట్టి ఇంటవు సూడు, అచ్చం కొనేటోని తీరు ఉంటది. ఓంకారన్న గూడ అన్నడు, గా అన్నను సూసి నేర్సుకోండ్రి అని. మా ఆయన తిరుపతి నిన్ను సూసే నేర్సుకున్నడు. జర అటు సూడు."

చూశాను. మోడల్ ఫ్లాటు గోడ దగ్గర, మడతల చొక్కా వేసుకున్న ఆ తిరుపతి, మధ్యవేలు వంచి, కణుపుతో టక్, టక్, టక్ అని కొట్టి, కళ్ళు మూసుకుని, చెవి ఆనించాడు. ఆ గోడ ప్లైవుడ్, డొల్లగా మోగింది. అతను కళ్ళు తెరిచి, పెదవి విరిచి, తల అడ్డంగా ఊపి, చేతులు వెనక్కి కట్టుకుని పక్క గోడ దగ్గరికి వెళ్ళాడు. ఆ చేతులు వెనక్కి కట్టుకోవడం మా నాన్నది. ఏలూరు క్వార్టర్సులో, పెళ్ళిళ్ళలో, చివరికి ఆస్పత్రి వరండాలో కూడా ఆయన అలాగే నడిచాడు. ఆయన నుంచి నాకు, నా నుంచి ఇతనికి. ఎంత బాగా చేస్తున్నాడో. దూరం నుంచి చూస్తే ఇలా ఉంటుందన్నమాట, ఒక మనిషి వచ్చి, గోడ తట్టి, తల ఊపి, వెళ్ళిపోవడం. మూడేళ్ళు సంయుక్త చూసింది ఇదే. అమ్మ నలభై ఏళ్ళు చూసింది. ఆ బోలు చప్పుడు నాలో ఎక్కడ మోగిందో చెప్పాలంటే నాకిప్పటికీ సిగ్గుగా ఉంది.

"మీది ఎక్కడమ్మా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. "ఈడనే అన్నా, నార్సింగి పాత ఊర్ల. సొంతిల్లే. రేకులదే గని సొంతం, మా అత్త చంద్రమ్మ ఇటుకలు మోసి కట్టిచ్చుకున్నది. ఎండకాలం పెనం లెక్క కాల్తది, వానకు ఒక మూల కురుస్తది, గిన్నె పెట్టుకుంటం. మీదెక్కడ?" మదీనాగూడ అన్నాను. సొంతిల్లేనా అంది. అద్దెకి అన్నాను. ఆమె ముఖంలో నిజమైన జాలి కనిపించింది, ఆ హాల్లో నేను చూసిన మొదటి నిజమైన వస్తువు అదే. "అయ్యో, కిరాయికా. ఇన్ని ఇండ్లు సూసినవ్, ఒక్కటన్న నీదైతె బాగుండు గదన్నా. ఫికర్ చెయ్యకు, అయితది తియ్యి." నేను ఏజెన్సీ మనిషిని కాదు, నిజంగా కొనడానికే మూడేళ్ళుగా తిరుగుతున్నాను అని చెప్పబోయాను. చెప్పలేదు. కిరాయి మనిషి అనుకుంటే నాకు కనీసం ఆదివారానికింతని ముట్టిందనుకుంటుంది. నిజం చెబితే ఏమనుకుంటుంది. జేబులో ఫోన్ ఇంకా రికార్డు చేస్తూనే ఉంది, తీసి ఆపాను, చెరిపేశాను.

పన్నెండు నలభై. సోఫా నన్ను మళ్ళీ మింగింది. ఇప్పుడు తెలుసు, 1904 కోసం ఈ హాల్లో ఇంకెవరూ లేరు. ఒంటిగంట దాటినా అది ఎక్కడికీ పోదు, వచ్చే వారం వస్తే ఇదే భానుశ్రీ ఇదే రేటు ఇస్తుంది, ఇంకో ఆకుపచ్చ చీరని చూపిస్తుంది. తొందర లేదు. లేచి వెళ్ళిపోవచ్చు, వెళ్ళడానికి నా దగ్గర మంచి కారణం ఉంది, కారణాలు నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. వీళ్ళు చవకబారు మనుషులు, వీళ్ళ గంట, వీళ్ళ వేణువు, వీళ్ళ మైనం పళ్ళు, థూ, ఇప్పటికీ థూ. కానీ గోడలు గట్టివి. కాయితాలు సరిగ్గా ఉన్నాయి. నిజంగా గోడ తట్టినవాణ్ణి నేనే, దానికి జవాబు కూడా వచ్చింది, ఆ జవాబు నచ్చక ఇంకో తప్పు వెతికినవాణ్ణీ నేనే. పెన్ను తీశాను. నిజంగానే బరువుగా ఉంది. నా పేరు కింద, నాన్న పేరు పక్కన, సంతకం పెట్టాను. రెండో అక్షరం వంకరపోయింది, బాగాలేదు, ఇంకో ఫారం అడుగుదామా అనిపించింది. అడగలేదు.

సంయుక్త రెండో రింగుకే ఎత్తింది. "ఊఁ, చెప్పు. ఏమిటి తప్పు?" అంది. "సంతకం పెట్టాను." అటు వైపు కుక్కర్ ఒక విజిల్ వేసింది. "తప్పేం దొరకలేదా?" అంది, గొంతు ఏదోలా ఉంది. "దొరికింది. అయినా పెట్టాను." అది ఏడుస్తోందో నవ్వుతోందో తేల్చుకునేలోపు ఫోన్ చేతులు మారింది. అమ్మ. బాగున్నావా, తిన్నావా, ఏమీ లేదు. "నాన్నా, మేకు కొట్టుకోనిస్తారా అక్కడ?" అంది, మెల్లగా, పక్కన ఎవరైనా వింటారేమో అన్నట్టు. "ఎవరూ ఇవ్వక్కర్లేదమ్మా. మనదే. డ్రిల్ కొంటాను, నువ్వే చూపించు ఎక్కడో" అన్నాను. "మీ నాన్న ఆ గోడ కూడా బాగాలేదంటాడు" అంది అమ్మ, ఆరేళ్ళలో మొదటిసారి ఆయన మాట ఎత్తి నవ్వింది. అననీ అమ్మా, ఫోటోలోంచి ఏమంటాడు, అనబోయి, అనకుండానే ఫోన్ పెట్టేశాను.

భానుశ్రీ నా చేత గంట కొట్టించింది. వద్దన్నాను, వినలేదు, ఫోటో కావాలంది, తులసి కుండీ చేతిలో పెట్టింది. ఒక చేత్తో కుండీ, ఒక చేత్తో తాడు, నేను ఎంతగా ఏవగించుకున్నానో అచ్చం అలాంటి ముఖమే పెట్టుకుని ఉంటాను. ఠంగ్‌మంది. హాలంతా చప్పట్లు. బోర్డు మీద 1904 గడికి ఎర్ర స్టిక్కరు పడింది. నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, తుడుచుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు. జనంలో ముందు వరసలో పింకీ, తిరుపతి అందరికంటే గట్టిగా కొడుతున్నారు, వాళ్ళ పని అది. తరువాత ఇద్దరూ దగ్గరికి వచ్చారు. తిరుపతి గౌరవంగా నా చెయ్యి పట్టుకుని ఊపాడు. పింకీ నా తడికళ్ళ వైపు చూసి, ముక్కు మీద వేలేసుకుని, ఎవరికీ వినపడకుండా అంది.

"నీళ్ళు గూడ తెచ్చినవ్ సూడు! నిజంగ కొన్నట్టే చేసినవన్నా."

థాంక్స్ అన్నాను.